బిజిలీ ఆగాలి

మధ్యాహ్నం అన్నం తిని బానో మళ్లీ బడికి బయలుదేరింది. నడిచి కాదండోయ్. వాళ్ల నాన్న అల్లాబక్ష్ నడిపే టాంగాలో, ముందు పలక మీద, నాన్న పక్కన కాళ్లు ఊపుకుంటూ దర్జాగా పోతోంది. నాన్నను బానో బాబా అని పిలుస్తుంది.

సికింద్రాబాదు బోయిగూడలో టాంగా ఉన్న ఇంటి పిల్లంటే మాటలా మరి! అయిదో తరగతిలో ఇంకెవరికీ ఆ భోగం లేదు. పైగా ఆ టాంగాకు కట్టిన గుర్రం బిజిలీ. బిజిలీ అంటే మెరుపు. రైలు దిగినవాళ్లు బిజిలీ టాంగా ఏదని అడిగి మరీ ఎక్కేవాళ్లు.

ముందు పలక మీద కూర్చున్నందుకు బానోకు ఒక పని కూడా ఉంది. టాంగాకు మోటారు కారులాగా హారన్ ఉండదు కదా. దారిలో జనం అడ్డొస్తే టాంగావాళ్లు కొరడా కర్రను తిరిగే చక్రం ఆకులకు, అంటే చక్రం లోపలి కర్రలకు ఆనిస్తారు. కర్ర ఒక్కో ఆకుకూ తగిలి టకటకమని పెద్దగా మోగుతుంది. ఆ చప్పుడు వినగానే నడిచేవాళ్లు ఎటువాళ్లు అటు దుంకుతారు. ఈ పని అల్లాబక్ష్ కూతురికి అప్పగించాడు.

బానోకు అదంటే ఎంత సరదానో. కర్ర ఆనించగానే పండ్లబుట్టవాళ్లు తప్పుకునేవాళ్లు. ముసలాయన ఒకాయన పంచె ఎగ్గట్టి ఉరికితే బానో పకపకా నవ్వేది. తను కర్ర ఆడిస్తే రోడ్డు ఖాళీ అయిపోవాల్సిందేనని ఆ పిల్లకు ఒకటే గర్వం.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అప్పటికి పోలీస్ యాక్షన్ జరిగి, నిజాం రాజ్యం పోయి రెండేళ్లు కావస్తోంది. కార్ఖానా వైపు, నేరేడ్‌మెట్ వైపు మిలిటరీ లారీలు రాత్రనక పగలనక తిరుగుతున్నాయి. బడి పిల్లలు రోడ్డు దాటాలంటే గగనమైపోయింది. అందుకని రంజాన్ పండుగ అయిన వారానికి హెడ్ కానిస్టేబుల్ జంగయ్య బడి ముందు రోడ్డుకు అడ్డంగా సున్నంతో రెండు తెల్లగీతలు గీయించాడు. ఆ గీతల మధ్య మనిషి కాలు పెడితే ఏ బండైనా సరే ఆగి తీరాలని టాంగావాళ్లందరినీ పిలిచి చెప్పాడు.

ఆయన అటు వెళ్లగానే టాంగావాళ్లు పడీపడీ నవ్వారు. గుర్రాలకు గీతలు చదవడం ఎవరు నేర్పుతారని ఒకడన్నాడు. బానో కూడా నవ్వింది.

సరే, ఆ మధ్యాహ్నం వెనక సీట్లో స్టేషన్‌కు పోయే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. పక్కన ఆయన ట్రంకుపెట్టె. బడి ఇంకా కొంత దూరం ఉందనగా పెట్టె జారింది. అల్లాబక్ష్ ఒక చేత్తో పగ్గాలు పట్టుకుని రెండో చేత్తో పెట్టెను ఆపడానికి వెనక్కి తిరిగాడు. రోడ్డు జెర చూస్తుండమని బానోకు చెప్పాడు.

బానో చూసింది. బాగానే చూసింది. తెల్లగీతల మధ్య బడి ఆయా బుచ్చమ్మ ఉంది. ఒకటో తరగతి పిల్లలకు ఒంటిపూట బడి. వాళ్లందరి చేతులూ కలిపి, వరసగా రోడ్డు దాటించి, అవతలి సందులో వదలడం బుచ్చమ్మ పని. వరస అప్పటికే సగం రోడ్డు మీదికి వచ్చేసింది.

బాబాను ఆపమని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ బానోకు తొందర. బెల్లు కొట్టేస్తారేమో, టీచర్ గుమ్మంలోనే నిలబెడుతుందేమో. అయినా ఇంకా దూరముంది కదా, చప్పుడు వింటే వాళ్లే తప్పుకుంటారులే అనుకుంది. కొరడా కర్ర తీసి చక్రానికి ఆనించింది.

టకటకటకటక.

పిల్లలు బెదిరిపోయారు. ముందున్నవాళ్లు ముందుకు ఉరికారు, వెనకున్నవాళ్లు వెనక్కి ఉరికారు. నడుమ బుచ్చమ్మను ఒక చేయి అటు లాగింది, ఒక చేయి ఇటు లాగింది. టాంగా చూస్తే నెమ్మదించకపోగా ఇంకా జోరందుకుంది. అదేం చోద్యమో బానోకు అర్థం కాలేదు. భయపడి కర్రను ఇంకా గట్టిగా ఆనించింది. బిజిలీ ఇంకా ఉరికింది.

అల్లాబక్ష్ ఇటు తిరిగి, చూసి, రెండు చేతులతో పగ్గాలు గుంజాడు. బిజిలీ ముందుకాళ్లు పైకి లేపింది. టాంగా ఒక పక్కకు ఒరిగి, గీతలు దాటి పోయి ఆగింది.

బానో వెనక్కి తిరిగి చూసింది. బుచ్చమ్మ రోడ్డు మీద పడి ఉంది. ఆమె కింద నుంచి జకర్యా అనే బుడ్డోడు బయటికి పాకుతున్నాడు. చక్రం కిందికి పోబోయిన వాడిని గుంజి తన కింద దాచుకుందామె. వాడికి ఏమీ కాలేదు. బుచ్చమ్మ కుడిచేయి మాత్రం మణికట్టు దగ్గర విరిగింది.

బానో ముందు పలకను రెండు చేతులతో పట్టుకుని కూర్చుండిపోయింది. అల్లాబక్ష్ పరుగున పోయి బుచ్చమ్మను లేపి, టాంగాలో దవాఖానకు తీసుకుపోతానన్నాడు. ఆమె టాంగా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని నడుచుకుంటూనే పోయింది.

హెడ్డు జంగయ్య వచ్చాడు. ఆయన కేకలు వేసే మనిషి కాదు. జరిగిందంతా విన్నాడు. తర్వాత అల్లాబక్ష్ జబ్బకు ఉన్న ఇత్తడి బిల్ల విప్పి తీసుకున్నాడు. ఆ బిల్ల లేకుండా టాంగా కిరాయికి తిరగకూడదు.

“గీతల నడుమ మనిషి కాలు పెట్టిందంటే చక్రం ఆగాలె. గది కానూన్. చప్పుడు చేసుడు కానూన్ కాదు, అల్లాబక్ష్. తప్పుకునే పని నడిచేటోళ్లది కాదు. ఆగే పని నీది.”

అల్లాబక్ష్ తల వంచుకుని నిలబడ్డాడు.

వచ్చే సోమవారం ఇదే వేళకు ఖాళీ టాంగా తోలుకుని రమ్మన్నాడు జంగయ్య. తన కళ్ల ముందు, మనిషి దాటుతుండగా, గుర్రం గీత దగ్గర ఆగితే బిల్ల తిరిగి ఇస్తానన్నాడు. ఆగకపోతే ఆ టాంగా ఇక సికింద్రాబాదులో తిరగదని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరి ముఖంలోనూ కళ లేదు. బానో వాళ్ల అమ్మ సర్దార్ బీ బిడ్డను కడిగేసింది. రోడ్డు మీద పసిపిల్లలు కనబడుతుంటే ఆపమని చెప్పడానికి నోరు లేదా అని అడిగింది. ఏడుపు తన్నుకొస్తుంటే బానో పోయి బిజిలీ పక్కన కూర్చుంది.

కాసేపటికి అల్లాబక్ష్ కూడా వచ్చి కూర్చున్నాడు. ఆయన తిట్టలేదు. తిడితేనే బాగుండును అనిపించింది బానోకు. కర్ర ఆడించినా బిజిలీ ఎందుకు ఆగలేదని మెల్లగా అడిగింది.

అల్లాబక్ష్ గడ్డం గోక్కున్నాడు. బిజిలీకి బండి లాగడం నేర్పినప్పుడు తను చేసిన పని చెప్పాడు. ఉరకాలని పగ్గాలు విదిలించినప్పుడల్లా కర్రను కూడా చక్రానికి ఆనించేవాడట. కొట్టకుండానే ఉరుకుతోంది కదా అని మురిసిపోయేవాడట.

“నువ్వు కర్ర ఆడిస్తే జనానికి చెప్తున్న అనుకున్నవ్. బిజిలీ దానికే చెప్తున్నవనుకున్నది. ఉరుకుమన్నవనుకున్నది. తప్పు నీది ఒక్కదానిదే కాదు బేటీ. నాకు ఎరుకుండి సుత నీ చేతికి ఇచ్చిన.”

బానోకు అప్పుడు అర్థమైంది. అంటే ఇన్నాళ్లూ తను కర్ర ఆడించిన ప్రతిసారీ జనం భయపడి దుంకుతుంటే, గుర్రం వాళ్ల మీదికి ఇంకా జోరుగా పోతూ ఉండేదన్నమాట.

పాత అలవాటు ఇక మారదని, ఇన్నేళ్ల గుర్రానికి కొత్తగా ఏం నేర్పుతామని అల్లాబక్ష్ నిట్టూర్చాడు. సోమవారం పోయి, టాంగా వదులుకున్నానని జంగయ్యతో చెప్పేస్తానన్నాడు.

“నేను నేర్పిస్త బాబా” అంది బానో.

ఆయన నవ్వబోయి కూతురి ముఖం చూసి ఆగిపోయాడు. పట్టు పడితే వదిలే రకం కాదు ఆ పిల్ల. చిన్నప్పుడు మూడురోజులు అన్నం మానేసి మరీ బళ్లో చేరిన ఘనురాలు.

మర్నాడు బడి వదలగానే పని మొదలైంది. బోయిగూడ వెనక రైలుపట్టాల పక్కన ఖాళీ జాగా ఉంది. పండుగకు గోడలకు వేయగా మిగిలిన సున్నం కుండలో ఉంటే, బానో దాన్ని మోసుకుపోయి నేల మీద రెండు తెల్లగీతలు గీసింది. ఓణీ కొంగులో నానబెట్టిన ఉలవలు కట్టుకుంది. పోయి గీతల మధ్య నిలబడింది.

అల్లాబక్ష్ టాంగా తోలుకొచ్చాడు. గీత దగ్గర పగ్గాలు గుంజాడు. బిజిలీ ఆగకుండా గీతను ఒక్క దుంకు దుంకి దాటేసింది. బానో పక్కకు పడింది. మోచేయి దోక్కుపోయింది.

మళ్లీ రమ్మంది.

రెండోసారి బిజిలీ ఆగింది కానీ ఉలవల వాసనకు గీత దాటి వచ్చి బానో కొంగు కొరికేసింది. ఇది కుదరదని, బానో ఉలవలు బాబా చేతికి ఇచ్చింది. గీతకు ఇవతల ఆగితేనే ఆయన దిగి పెట్టాలి. ఆగకపోతే ఒక్క గింజ కూడా లేదు. చీకటి పడే వేళకు బిజిలీ నడకలో వస్తే ఆగడం నేర్చుకుంది.

అసలు కష్టం కర్రతో వచ్చింది. రోడ్డు మీద వేరే టాంగావాళ్లు కర్ర ఆడించకుండా ఉంటారా? ఆ చప్పుడు విన్నా బిజిలీ ఆగాలి. అందుకని కర్ర ఆడిస్తూ రమ్మని బానోయే బాబాకు చెప్పింది. ఆయన వద్దన్నాడు. ఆ పిల్ల వినలేదు.

టకటకటక.

ఆ చప్పుడు బానోకు కొత్తది కాదు. కానీ ఎప్పుడూ టాంగా మీద కూర్చునే విన్నది. ఇప్పుడు కింద నిలబడి వింటోంది. అది మీదికి వస్తోంది. తప్పుకోవాలి. కుడికా, ఎడమకా? గుర్రం ఏ పక్కకు పోతుందో ఎట్లా తెలుస్తుంది? అనుకునేలోపే కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. కళ్లు గట్టిగా మూసుకుంది. అల్లాబక్ష్ బలంగా గుంజితే బిజిలీ జానెడు దూరంలో ఆగింది. దాని వేడి ఊపిరి బానో నెత్తికి తగిలింది.

బానో అక్కడే కూలబడి ఏడ్చేసింది. దెబ్బ తగిలి కాదు. ముసలాయన పంచె ఎగ్గట్టి ఉరికినప్పుడు తను ఎట్లా నవ్విందో గుర్తొచ్చింది. బుచ్చమ్మ చేతులు పట్టుకున్న ఆ పసివాళ్లకు ఎంత భయమేసి ఉంటుందో ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

అల్లాబక్ష్ దిగి వచ్చి ఇంక చాలు, ఇంటికి పోదామన్నాడు. బానో ముక్కు తుడుచుకుని లేచింది. మళ్లీ గీతల మధ్యకు పోయి నిలబడింది.

అట్లా రోజూ సాయంత్రం, కర్ర చప్పుడుతోనే జరిగింది. ఇంతలో ఒక తమాషా వచ్చిపడింది. బోయిగూడలో వాకిలి వాకిలికీ ముగ్గు ఉంటుంది కదా. బిజిలీ ప్రతి ముగ్గు దగ్గరా ఆగడం మొదలుపెట్టింది. ఆగి, ఉలవలు పెట్టమని మెడ తిప్పి అల్లాబక్ష్ వంక చూసేది. పెట్టకపోతే కదిలేది కాదు. ఒకామె తన గుమ్మం ముందు గుర్రమేమిటని చీపురు పట్టుకుని వచ్చింది. సందంతా నవ్వింది.

బానోకు మాత్రం నవ్వు రాలేదు. ఇది గీతను నేర్చుకుంది గాని మనిషిని నేర్చుకోలేదని ఆ పిల్లకు తట్టింది. వెంటనే పోయి ఖాళీ జాగాలో గీతలను కాళ్లతో చెరిపేసింది. గీత లేకపోయినా మనిషి ఎదురుగా నడిస్తే ఆగాలి. కానీ నడవడానికి మనుషులేరి? బుచ్చమ్మ చేయి విరిగిన సంగతి అందరికీ తెలుసు. బానో ఇల్లిల్లూ తిరిగి బతిమాలినా ఎవరూ ముందుకు రాలేదు.

చివరికి సర్దార్ బీ నీళ్లబిందె చంకన పెట్టుకుని వచ్చింది. బిజిలీ ముందు నుంచి నడిచింది. బిజిలీ ఆగింది. ఆమె బిందె దింపి, మళ్లీ ఎత్తుకుని, ఇంకోసారి నడిచింది. అది చూసి చీపురు పట్టుకొచ్చిన ఆమె కూడా వచ్చింది. ఆమె వెనక ఇద్దరు పిల్లలు వచ్చారు.

అటు బడి దగ్గర బుచ్చమ్మ చేతికి కట్టుతోనే మళ్లీ పనిలోకి వచ్చింది. కానీ మునుపటి బుచ్చమ్మ కాదు. రోడ్డు రెండు వైపులా పూర్తిగా ఖాళీ అయ్యేదాకా అడుగు వేసేది కాదు. రోడ్డు ఎప్పుడు ఖాళీ అవుతుంది? ఒకటో తరగతి పిల్లలు ఎండలో మాడిపోతూ నిలబడేవాళ్లు. బానో కిటికీలో నుంచి రోజూ చూసేది. చూసిన రోజల్లా సాయంత్రం ఇంకాస్త ఎక్కువసేపు బిజిలీతో ఉండేది.

సోమవారం రానే వచ్చింది. అల్లాబక్ష్ ఖాళీ టాంగాతో వచ్చి దూరంగా నిలిపాడు. పక్కన బానో. చెట్టు కింద జంగయ్య. తమాషా చూడ్డానికి టాంగావాళ్లు కొందరు చేరారు. బిజిలీ ఆగితే తమ మీసాలు తీయించుకుంటామని వాళ్లలో వాళ్లు పందెం వేసుకున్నారు.

బుచ్చమ్మ పిల్లలను వరసగా నిలబెట్టుకుని రోడ్డు అంచున ఉంది. దాటమని జంగయ్య చెప్పాడు. ఆమె దూరంగా ఉన్న బిజిలీని చూసింది. తాను దాటనంటే దాటనంది. పసిపిల్లలతో పందేలేమిటని అడిగింది. జంగయ్య ఆమెను బలవంతపెట్టలేదు.

మనిషి దాటకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే బిల్ల లేదు. అల్లాబక్ష్ ముఖం వాడిపోయింది.

బానో టాంగా దిగింది. నడుచుకుంటూ బుచ్చమ్మ దగ్గరికి పోయింది. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉంది, తీరా ఎదురుగా నిలబడితే అన్నీ మరిచిపోయింది. ఉన్నమాటే చెప్పింది.

“అవ్వా, ఆ దినం మిమ్ములను నేను దూరంకెళ్లే చూసిన. చూసి సుత బాబాను ఆపుమనలే. మీరే తప్పుకుంటరనుకున్న.”

బుచ్చమ్మ పిల్లల వరసను రోడ్డు అంచు నుంచి రెండడుగులు వెనక్కి జరిపింది.

“పిల్లలను ఈడనే ఉంచుత. నేనొక్కదాన్నే దాటుత. నువ్వు నా ఎంబడి రావాలె. గుర్రం దిక్కు నువ్వుండాలె” అంది.

బానో సరేనంది. బుచ్చమ్మ బాగున్న చేతిని పట్టుకుంది. ఇద్దరూ తెల్లగీతల మధ్య కాలు పెట్టారు.

టాంగా కదిలింది. మొదట నడక, తర్వాత పరుగు. గిట్టల చప్పుడు దగ్గరికొస్తోంది. బుచ్చమ్మ వేళ్లు బానో చేతిని నొక్కేస్తున్నాయి. బానోకు కూడా భయమే. కానీ తప్పుకోలేదు, పరుగెత్తలేదు. బుచ్చమ్మ ఎంత మెల్లగా నడిస్తే తనూ అంత మెల్లగా నడిచింది.

బిజిలీ గీత ముందు ఆగింది.

అంతలోనే వెనక నుంచి ఇంకో టాంగా వచ్చింది. దానివాడికి ఇక్కడి సంగతేమీ తెలియదు. ముందు బండి ఎందుకు ఆగిందోనని విసుక్కుని కొరడా కర్రను చక్రానికి ఆనించాడు. టకటకటకటక. రోడ్డంతా మోగిపోయింది.

బిజిలీ చెవులు నిక్కబొడుచుకుంది. ముందరి కాలు ఎత్తింది. బుచ్చమ్మ నిలబడిపోయింది. చేయి విరిగిన రోజు నిలబడ్డట్టే, అటో ఇటో తెలియకుండా.

“మెల్లగ నడువు అవ్వా. మనం పోయేదాక అది కదలది” అంది బానో.

ఎత్తిన కాలును బిజిలీ ఎత్తిన చోటే దింపింది. గీతకు ఇవతలే. వెనకవాడు కర్ర ఆడిస్తూనే ఉన్నాడు, అది మాత్రం కదల్లేదు. బుచ్చమ్మ ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. అవతలి అంచు చేరాక వెనక్కి తిరిగి బిజిలీని తేరిపార చూసింది. ఏమనుకుందో ఏమో, మళ్లీ రోడ్డు దాటి వచ్చి, ఎడమచేతిని జకర్యాకు అందించి, పిల్లల వరసనంతా వెంటబెట్టుకుని టాంగా ముందు నుంచే నడిచింది. చివరి పిల్ల చెప్పు జారితే ఆగి వేసుకుంది కూడా. బిజిలీ ఆగే ఉంది.

జంగయ్య అల్లాబక్ష్ దగ్గరికి పోయి, జేబులోంచి బిల్ల తీసి, తన చేత్తోనే జబ్బకు కట్టాడు. అల్లాబక్ష్ కళ్లు తడిశాయి. మీసాల పందెం వేసినవాళ్లు ఎప్పుడు జారుకున్నారో తెలియదు.

బుచ్చమ్మ మెచ్చుకోలేదు, దీవించలేదు.

“రేపు సుత గిట్లనే ఆపాలె” అంది బానోతో. “ఎల్లుండి సుత.”

బానో తల ఊపింది.

ఆ ఏడు అన్నాళ్లూ మొహం చాటేసిన వానలు ఆ వారమే పట్టుకున్నాయి. ఒకటే వాన. తెరిపి లేదు. బడి ముందు గీసిన సున్నం ఒక్క పూటలో కొట్టుకుపోయింది. గీతలుండేవని చెప్తే తప్ప తెలియదు. ఆ ముసురులో జంగయ్య కూడా కనబడలేదు.

ఆదివారం పొద్దున అల్లాబక్ష్ స్టేషన్‌కు కిరాయి తోలుతున్నాడు. గోనెసంచిని నెత్తి మీద కప్పుకుని బానో పక్కన కూర్చుంది. వెనక ఇద్దరు ఉన్నారు. రైలు తప్పిపోతుందని దారి పొడుగునా తొందర పెడుతున్నారు.

బడి దగ్గరికి వచ్చేసరికి రోడ్డు అంచున ఒకామె కనిపించింది. ఎవరో కొత్తమనిషి. నెత్తిన తడిసిన మూట, చంకలో పిల్లాడు. దాటడానికి ఒక అడుగు రోడ్డు మీదికి వేసింది. టాంగాను చూసి గబుక్కున వెనక్కి తీసుకుంది.

“బాబా, ఆపు” అంది బానో.

అల్లాబక్ష్ పగ్గాలు బిగించాడు. బిజిలీ ఆగింది. ఎందుకు ఆపారని వెనక ఆయన విసుక్కున్నాడు. వంగి రోడ్డు చూశాడు. గీత లేదు, పోలీసు లేడు, పోనియ్యమన్నాడు.

“మనిషి ఉన్నది గద, చాచా” అంది బానో.

ఆయన గొణుక్కుంటూ వెనక్కి ఆనుకున్నాడు.

ఆ కొత్తామెకు నమ్మకం కుదరలేదు. టాంగా కదులుతుందేమోనని అక్కడే నిలబడి చూస్తోంది. బానో టాంగా దిగి, వానలో బిజిలీ ముందుకు వచ్చి నిలబడి, రమ్మని చెయ్యి ఊపింది. ఆమె మూట సర్దుకుని, పిల్లాడిని ఇంకాస్త దగ్గరికి హత్తుకుని, నీళ్లలో మెల్లమెల్లగా అడుగులు వేస్తూ రోడ్డు దాటింది.